ముత్యాలబావి కాలనీలో చెత్త కరువు

నమోదు 318, సోమవారం

ఈ రోజు కూడా ప్లాంటు కడుపు నిండలేదు.

పొద్దున నేను వెళ్ళేసరికి చెత్త బండి నడిపే రిత్విక్ తాత ప్లాంటు మూత ఎత్తి లోపలికి తొంగి చూస్తున్నాడు. వీధులన్నీ తిరిగి తెచ్చిన తడి చెత్తంతా పోసేశాడట. అయినా అడుగు కనిపిస్తోందన్నాడు. మేం మాట్లాడుకుంటుండగానే గొట్టాల్లోంచి గుర్రుమని మూలుగు వచ్చింది. ఆకలేస్తే ప్లాంటు అలాగే మూలుగుతుంది. పాలు పోసే ఆవిడ సైకిల్ దిగి, ఎవరికైనా బాగా లేదా అని అడిగి వెళ్ళింది.

ముత్యాలబావి కాలనీకి నేను పెట్టుబడి అనుసంధాన అధికారిని. బోర్డు మీద అలాగే ఉంటుంది. జనం మాత్రం చెత్త మేడం అంటారు. పొద్దున్నే ఈల ఊదుకుంటూ వీధి వీధీ తిరిగి తడి చెత్త బయట పెట్టించడం, దాన్ని ప్లాంటుకు చేర్చడం, సాయంత్రం ఈ నమోదు రాసి చంద్రుడి మీదికి పంపడం నా పనులు.

చంద్రుడి మీద వాళ్ళకు అన్నీ ఉన్నాయి, మొక్క మొలిచే మన్ను తప్ప. అందుకే వాళ్ళ మృత్తికా సంస్థ హైదరాబాద్‌లో పెట్టుబడి పెట్టింది. మా పాత పార్కింగ్ మైదానం కింద ఈ ప్లాంటు కట్టింది. మేం వేసే తొక్కలూ మిగుళ్ళూ తిని అది మా పొయ్యిలకు గ్యాసు ఇస్తుంది. ఆ గ్యాసుతోనే మురుగునీరు తాగే నీరవుతుంది. అడుగున మిగిలే నల్లటి మన్ను రాకెట్టెక్కి పైకి పోతుంది. నీళ్ళు మావి, మన్ను వాళ్ళది. ఒప్పందం ఇంత సులువు. ప్లాంటు ప్రారంభానికి మంత్రిగారు వచ్చి ఒక అరటి తొక్కకు రిబ్బను కట్టి మరీ లోపల వేశారు.

అరటి తొక్క అలా తేలిగ్గా దొరికే రోజులు అవి.

నమోదు 319, మంగళవారం

చెత్త ఎందుకు తగ్గిందో వివరించమని పైనుంచి అడిగారు. కారణం మా ఇంట్లోనే ఉంది కాబట్టి రాయడం ఇబ్బందిగా ఉంది.

ఇదే కంపెనీలో సుస్థిర అభివృద్ధి చూసే విభాగం ఒకటుంది. ఆ విభాగానికీ ప్లాంటు విభాగానికీ మాటల్లేవని నా అనుమానం. ఆ మధ్య వాళ్ళు ఒక పోటీ పెట్టారు: అందరికన్నా తక్కువ వృథా చేసే ఇంటికి బహుమతి. ఈల ఊది, ఇంటింటికీ తిరిగి, ప్రచారం చేసింది నేనే. గెలిచింది మా అత్తమ్మ.

అత్తమ్మ పేరు సాన్విక. ఆమె తరం ముసలివాళ్ళందరికీ ఇలాంటి పేర్లే. మా తరానికి వచ్చేసరికి పాత పేర్లు మళ్ళీ ఫ్యాషనయ్యాయి. నా పేరు కొమురమ్మ. మా క్లాసులో ఇంకో ముగ్గురు కొమురమ్మలు ఉండేవాళ్ళు.

బహుమతిగా వెన్నెల రంగు శాలువా పంపారు. అప్పటినుంచి అత్తమ్మ ప్రతి ఆదివారం ఆ శాలువా కప్పుకుని కమ్యూనిటీ హాల్లో 'పొట్టు క్లాసు' నడుపుతోంది. బీరపొట్టు పచ్చడితో మొదలైంది. తర్వాత సొరపొట్టు వేపుడు, అరటి తొక్కల కూర, పుచ్చకాయ తెల్ల కండతో దోసెలు, గోబీ కాడల పప్పు, మామిడి జీడి పొడి. ఇప్పుడు కాలనీలో ఎవరింట్లోనూ కూరగాయకు లోపలా బయటా అన్న తేడా లేదు. వడకట్టిన చాయ్‌పత్తా కూడా గులాబీ కుండీల్లోకి పోతోంది. మొన్న ఒకింటి ముందు పెట్టిన డబ్బా తెరిచి చూస్తే లోపల ఒక్క ములక్కాడ పిప్పి ఉంది. దానికీ ఆ ఇంటావిడ క్షమించమంది.

నమోదు 323, శనివారం

సాయంత్రం హాల్లో తెర మీద కంపెనీ సందేశం వేశారు. వానాకాలం ముగిసేలోగా ప్లాంటు కడుపు నిండకపోతే, దాన్ని విప్పి ఇంకో నగరానికి తరలిస్తారట. ముందు తనిఖీ అధికారి వస్తారట. ఆ వెంటనే ఇంకో సందేశం వచ్చింది. అది రెండో విభాగానిది. భూమి మీద అతి తక్కువ వృథా చేసే కాలనీగా నిలిచినందుకు మాకు శుభాకాంక్షలు. దానికి చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఒకరిద్దరు కొట్టి ఆపేశారు.

తర్వాత రిత్విక్ తాత లేచాడు. మామూలుగా గొణుక్కునే మనిషి. చిన్నప్పుడు ట్యాంకర్ వచ్చే రోజు బడి ఎగ్గొట్టి బిందె పట్టుకుని నిలబడేవాణ్ణని, ఒకసారి తోపులాటలో వాళ్ళమ్మ చెయ్యి విరిగిందని, అప్పుడు కూడా ఆమె బిందె వదల్లేదని చెప్పి కూర్చున్నాడు. ముసలివాళ్ళందరూ తలలు దించుకున్నారు. ప్లాంటు పోతే నీళ్ళు పోతాయి. నీళ్ళు పోతే కాలనీ ఖాళీ అవుతుంది. ఇది వాళ్ళు ఇంతకుముందు చూసిందే.

కాలనీ అధ్యక్షుడు జాఫర్ సాబ్ అందరికన్నా ఎక్కువ కుంగిపోయాడు. ఆయనకు చౌరస్తాలో బిర్యానీ హోటలుంది. వృథా తగ్గించాలని గుమ్మంలో ఒక యంత్రం పెట్టించాడు. దాని ముందు నిలబడితే మనిషికి ఎంత ఆకలుందో, ఎన్ని చెంచాలు తింటాడో చెబుతుంది. అంతే వడ్డిస్తారు.

"నా హోటల్‌ల ఎముకలు గూడ మిగుల్తలేవు మేడం. ప్లేట్లు కడుగుడు గూడ అక్కర పడ్తలేదు. ఇగ నేనేం జెయ్యాలె చెప్పు," అన్నాడు.

నమోదు 325, సోమవారం

పోటీ రోజుల్లో పారేయకండి అని ఈల ఊదిన దాన్ని, ఈ రోజు పారేయండమ్మా అని ఊదుకుంటూ తిరిగాను. ఒకావిడ బయటికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకో ఇంట్లో, పిల్లలు వినే చోట అలాంటి మాటలు వద్దని తలుపు వేసుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం గేటు దాకా వచ్చి, సగం తిన్న జామకాయను డబ్బా మీద పెట్టి, కాసేపు దానికేసి చూసి, మళ్ళీ తీసుకుని తింటూ లోపలికి వెళ్ళిపోయాడు.

నమోదు 328, గురువారం

పెళ్ళి ఒకటి తగిలింది. మా ఆశంతా దాని మీదే. పెళ్ళివారికి ముందే చెప్పాం: ధారాళంగా వండండి, ఎంత మిగిలినా మాది పూచీ. రిత్విక్ తాత తన బండిని కడిగి, పూలదండ వేసి, మండపం వెనక నిలిపాడు.

భోజనాలయ్యాక వెళ్ళి చూస్తే వంటపాత్రలు మెరుస్తున్నాయి. వచ్చిన ప్రతి అతిథీ ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నాడు. పెళ్ళికూతురి మేనత్త గంగాళంలో అడుగంటిన పులిహోర గీకుతోంది. అది మాడిపోయింది కదమ్మా అన్నాను. మాడిందే రుచి అంది. అరిటాకులైనా ఇమ్మంటే, ఆవులకని మాట ఇచ్చేశామన్నారు. పూలదండ మాత్రం మిగిలింది. దాన్నే ప్లాంటులో వేసి వచ్చాం.

నమోదు 330, శనివారం

ఇది రాయకూడదు. కానీ సాయంత్రానికల్లా నగరమంతా తెలిసిపోయింది కాబట్టి రాస్తున్నాను.

పక్కన రాళ్ళకుంట కాలనీలో పెద్ద కూరగాయల మార్కెట్ ఉంది. అక్కడ గోబీ ఆకులు గుట్టలుగా పడి ఉంటాయి. ఆ గుట్టల మీద అంగారకుడి వాళ్ళ పెట్టుబడి ఉంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చూసి నేనూ రిత్విక్ తాతా ఆటోలో వెళ్ళాం. రెండు గంపలు ఎత్తి ఆటోలో పెట్టాం. మూడో గంప దగ్గర కాపలా ఆవిడ లేచింది.

ఏం దొంగిలిస్తున్నారని అడిగింది. కుళ్ళిన గోబీ ఆకులన్నాను. ఆవిడ నమ్మలేదు. గంపలు రెండూ కుమ్మరించి అడుగుదాకా వెతికింది. నిజంగానే కుళ్ళిన ఆకులని తేలాక ఆవిడకు మా మీద జాలేసింది. మంచినీళ్ళిచ్చింది. తర్వాత ఫోటో తీసి పైవాళ్ళకు పంపింది.

సాయంత్రం నగర పెట్టుబడుల కార్యాలయం నుంచి ఫోనొచ్చింది. రెండు గోబీ గంపల వల్ల అంగారకుడితో సంబంధాలు చెడుతున్నాయట. రిత్విక్ తాత మనవరాళ్ళు ఆయన్ని చెత్తదొంగ తాతా అని పిలవడం మొదలుపెట్టారు. ఆయనకు అది కొంచెం నచ్చినట్టే ఉంది.

నమోదు 331, ఆదివారం

పొట్టు క్లాసు ఆపమని అత్తమ్మను అడిగాను. అడిగే పద్ధతిలో అడగలేదు. నీవల్లే కాలనీ ఎండిపోతుంది అన్నాను. మా ఆయన పళ్ళెం పట్టుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయాడు.

అత్తమ్మ సొరకాయ చెక్కు తీస్తూ ఉంది. తీసిన చెక్కంతా గిన్నెలో పోసుకుని, శాలువా తీసి కుర్చీ మీద వేసి, గుమ్మం బయట ఉన్న డబ్బా దగ్గరికి వెళ్ళింది. మూత తీసింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. గిన్నె వంచింది. చెక్కు జారి గిన్నె అంచు దాకా వచ్చింది. ఆమె చెయ్యి మళ్ళీ వెనక్కి తిరిగింది. ఇంకోసారి వంచింది. మళ్ళీ అంతే.

నేను వెళ్ళి గిన్నె అందుకున్నాను.

"నాకు శాతకాదే కొమురమ్మా," అంది. "మా అమ్మ ఇసుంటి పొట్టునే ఉడకబెట్టి పెట్టింది మాకు, నీళ్ళు లేక పంటలు పోయిన ఏడు. పారేద్దామంటె చెయ్యి ఒస్తలేదు. కావాలంటె నన్నే ఏడికన్న పంపియ్యుండ్రి."

నీళ్ళు పోతాయన్న భయంతో నేను అంటున్నాను. నీళ్ళు పోయిన భయంతోనే ఆమె దాచుకుంటోంది. ఇద్దరం గుమ్మంలోనే కూర్చున్నాం. కాసేపటికి ఆమె లేచి సొరపొట్టు వేయించింది. నేను తిన్నాను. బాగుంది. అదే కష్టం, ఆమె చేసేవన్నీ బాగుంటాయి.

నమోదు 334, బుధవారం

తనిఖీ అధికారి దిగారు. పేరు ఇసెరా. ఆమె వెంట నలుగురు సాంకేతిక సిబ్బంది ఉన్నారు.

చంద్రుడి మీద పుట్టి పెరిగినవాళ్ళు ఇక్కడ నిలబడలేరు. అక్కడి ఒంటికి ఇక్కడ ఆరింతలు బరువు. పొడుగ్గా, సన్నగా ఉన్న ఐదుగురినీ చక్రాల కుర్చీల్లో దించారు. కాళ్ళకూ వెన్నుకూ దన్నుగా కడ్డీలు కట్టుకున్నారు. ఇసెరా తల తిప్పి నన్ను చూడటానికి కూడా శ్రమపడింది. ముఖం మాత్రం హాయిగా ఉంది. యాభై దాటి ఉంటాయి, నా ఈడుదే.

ఆమె మెడలో తర్జుమా డబ్బా ఉంది. దానికి తెలుగు నేర్పినవాళ్ళు పాత ప్రభుత్వ ప్రకటనలన్నీ పోసి నేర్పినట్టున్నారు. ఆమె ఏదో మృదువుగా అంది. డబ్బా గంభీరంగా, "ఇందుమూలముగా తమకు నమస్కారము తెలియజేయడమైనది," అంది.

ఇక్కడ ఎక్కడా హోటలు గదుల్లో ఆ కుర్చీలు పట్టవు. కాబట్టి ఇసెరా మా ఇంట్లో, మిగతావాళ్ళు మా వీధిలోనే తలో ఇంట్లో దిగారు. వాళ్ళ ఆహారం వాళ్ళే తెచ్చుకున్నారు. వేలెడంత గొట్టాల్లో బూడిదరంగు ముద్ద. పూటకు ఒక గొట్టం. అత్తమ్మ ఆ గొట్టాన్ని వాసన చూసి ఇసెరా వంక చూసిన చూపు నేను చాలాకాలం మరచిపోను.

నమోదు 335, గురువారం

తనిఖీ. ప్లాంటు పరువు దక్కించుకోవడానికి జాఫర్ సాబ్ ఆఖరి ఉపాయం చెప్పాడు. ఇంటికొకరు ఒక కూరగాయ తెచ్చి అధికారి ముందే లోపల వేయాలి. అందరూ ఒప్పుకున్నారు. పొద్దున మైదానం చుట్టూ బారు తీరారు. టమాటాలు, వంకాయలు, ఒకాయన భుజం మీద గుమ్మడికాయ.

మొదట జాఫర్ సాబ్ ఉల్లిగడ్డ పట్టుకుని ప్లాంటు నోటి దగ్గరికి వెళ్ళాడు. నిలబడ్డాడు. ఉల్లిగడ్డ తిప్పి తిప్పి చూశాడు. కళ్ళు తుడుచుకుంటూ పక్కకొచ్చేశాడు. ఉల్లిగడ్డ ఘాటు అన్నాడు గానీ దాన్ని కోయనేలేదు. వెనకావిడ వంకాయ తెచ్చి, పుచ్చేమైనా ఉందేమో చూసి, లేదని తేలాక కొంగులో కట్టుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే రావడం, వంగడం, లేవడం, కూరగాయతో సహా తిరిగి వెళ్ళడం. గుమ్మడికాయ ఆయన ఒక్కడే వదలబోయాడు. వెనక నుంచి ఆయన భార్య పేరు పెట్టి పిలిచింది. ప్లాంటు గుర్రుమంది.

ఇసెరా అంతా శ్రద్ధగా చూసింది. డబ్బా అడిగింది: "ఇది ఏ దేవత ఉత్సవమో తెలుపగలరు."

అప్పుడు నేను నిజం చెప్పేశాను. పోటీ సంగతి, పొట్టు క్లాసు సంగతి, గోబీ ఆకుల దొంగతనం, ఆదివారం సొరపొట్టు దగ్గర అత్తమ్మ చెయ్యి వెనక్కి తిరగడం కూడా. ఇసెరా చివరిదాకా వింది. తర్వాత, మా మీద ఆమెకు గౌరవం కలిగిందని, అయినా మన్ను లేనిదే పైన తోటలు బతకవని, ప్లాంటును విప్పమని సిఫారసు చేయక తప్పదని చెప్పింది. చెడ్డమనిషి అయితే తిట్టుకునేవాళ్ళం. ఆమె గొంతులో కూడా బాధ ఉంది. ఎవరి కూరగాయలు వాళ్ళు పట్టుకుని ఇళ్ళకు పోయాం.

నమోదు 336, శుక్రవారం

తుపాను. రాకెట్ కేంద్రం మూసేశారు. ఎప్పుడు తెరుస్తారో తెలియదు. ఇసెరా వాళ్ళ గొట్టాలు అయిపోయాయి.

ఆ మాట వినడంతోనే అత్తమ్మ కొంగు బిగించింది. తుపానును ఆమే పిలిపించిందా అనిపించింది నాకు. బియ్యం కడిగింది, పప్పుచారు కాచింది, మక్క గారెలు వేసింది, పచ్చి పులుసు, బీరపొట్టు పచ్చడి, పెరుగు, అన్నీ చేసింది. ఇసెరా ముందు పళ్ళెం పెట్టి గుట్టగా వడ్డించింది. ఇసెరా ఆ గుట్టను కిందినుంచి పైదాకా చూసింది.

నాలుగు ముద్దలు తినేసరికి ఆమె కడుపు నిండిపోయింది. గొట్టాలకు అలవాటైన పొట్ట. డబ్బా గొంతు సవరించుకుని, "తమరు వడ్డించిన పదార్థములు అత్యంత రుచికరముగా ఉన్నవి. అయినను ఉదరమునందు స్థలము లేనందున చింతించుచున్నాము," అంది.

అత్తమ్మ దాన్ని పట్టించుకోలేదు. మొహమాటపడుతోందని ఇంకో గారె వేసింది.

భోజనమయ్యాక పళ్ళెంలో మిగిలిందంతా తీసుకుని అత్తమ్మ నేరుగా బయటికి వెళ్ళి చెత్త డబ్బాలో వంచేసింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

నమోదు 339, సోమవారం

వాన తగ్గలేదు. పొద్దున రిత్విక్ తాత గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ప్లాంటు మూలగడం లేదట, ఏమైనా అయిందేమో చూడమన్నాడు. వెళ్ళి మూత తీశాం. నిండుగా ఉంది. తిన్నాక కునుకు తీసినట్టు నిశ్శబ్దంగా ఉంది. ఇంత చెత్త ఎక్కడిదని ఆయన నన్నడిగాడు. మీరే కదా మోసుకొచ్చింది అన్నాను. తడిసిన డబ్బాలు వచ్చినవి వచ్చినట్టు గుమ్మరించాడట, లోపల ఏముందో చూడలేదట.

వీధిలోకి వెళ్ళాక అర్థమైంది. మా ఇంట్లో ఇసెరాకు వడ్డించారని తెలిసి పక్కింటివాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళ ఇంట్లో దిగినతనికి ఇంకా ఎక్కువ వడ్డించారు. అతిథి లేని ఇళ్ళవాళ్ళు అలిగారు. అందుకని కుర్చీల్ని పూటకో వీధికి తిప్పడం మొదలైంది. ఒక్కొక్కరినీ ఒకే మధ్యాహ్నం ఎన్ని ఇళ్ళలో కూర్చోబెట్టారో వాళ్ళకే గుర్తు లేదు. ప్రతి ఇంట్లో ఒక నిండు పళ్ళెం, అందులోంచి రెండు ముద్దలు.

జాఫర్ సాబ్ హోటల్లో యంత్రం చంద్రుడి కుర్రాడొకడికి రెండు చెంచాలు చాలని చెప్పిందట. గుమ్మంలోకొచ్చిన మెహమాన్‌కు రెండు చెంచాలు పెడితే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడని ఆయన యంత్రం తీగ పీకేశాడు.

మిగిలినదంతా ఎంగిలి. పొట్టు పారేయడానికి చేతులు రాని కాలనీ, పరాయి పళ్ళెంలో మిగిలిన ఎంగిలి పారేయడానికి ఒక్క క్షణం ఆలోచించలేదు. ఎవరి ఎంగిలీ ఎవరూ ముట్టరు కదా. ఇన్నాళ్ళుగా నేను అడగాల్సింది చెత్త కాదు, చుట్టాలు.

నమోదు 341, బుధవారం

వాన వెలిసింది. ఇసెరా మన్ను పరీక్షించింది. గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి, మక్క గారెల వాసన వస్తోందంది. నాకు రాలేదు గానీ ఔనన్నాను.

ఈ నిండుదనం తన ఎంగిలేనని ఆమెకు తెలుసు. తాము వెళ్ళిపోతే మళ్ళీ ఖాళీయేనన్న సంగతి దాచి పైకి చెప్పలేనంది. నేను దాచమని అడగలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర అత్తమ్మను ఒక ప్రశ్న అడిగింది. ఒక తొక్కను పారేయలేనివారు, ఎదుటివారు తినలేరని తెలిసి కూడా ఇంత ఎందుకు వడ్డిస్తారని. అత్తమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. నేను మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"ఒకేళ నీకు సాలకపోతే?" అంది అత్తమ్మ.

డబ్బా దాన్ని తర్జుమా చేసింది. ఇసెరా తలొంచుకుంది. చంద్రుడి మీద పుట్టినప్పటి నుంచి తనకు ప్రతి ముద్దా కొలిచే ఇచ్చారని, కొలత ఎప్పుడూ తప్పలేదని, సరిపోతుందా అని మాత్రం తననెవరూ అడగలేదని చెప్పింది. అత్తమ్మ కుర్చీ పక్కకు జరిగి ఆమె వెన్ను కడ్డీల మీద చెయ్యి వేసింది. కడ్డీలు చల్లగా ఉన్నాయనుకుంటా, శాలువా తెచ్చి కప్పింది.

సాయంత్రం ఇసెరా తన సిఫారసు మాకు చదివి వినిపించింది. చంద్రుడి మీదివాళ్ళు ఎముకలు గట్టిపడటానికి కొన్నాళ్ళు భూమి బరువులో ఉండాలి. ఇప్పటిదాకా వాళ్ళను ఎడారిలో ఒక భవనంలో ఉంచి గొట్టాలు పెడుతున్నారు. ఇకనుంచి ముత్యాలబావి కాలనీ ఇళ్ళలో దించాలి. వాళ్ళు తిన్నంత తింటారు, మిగిలింది ప్లాంటు తింటుంది, మన్ను పైకి పోతుంది. దీనికి ఆమె పెట్టిన పేరును డబ్బా 'అతిథి మర్యాదాధారిత సుస్థిర అభివృద్ధి పథకము' అంది. ప్లాంటు ఇక్కడే ఉంటుంది.

జాఫర్ సాబ్ మళ్ళీ ఏడ్చాడు. ఈసారి ఉల్లిగడ్డ లేదు.

నమోదు 352, ఆదివారం

కంపెనీ ఒప్పుకుంది. రెండు విభాగాలూ ఒప్పుకున్నాయి. బహుశా మొదటిసారి మాట్లాడుకుని ఉంటారు. వచ్చే వారం మొదటి జట్టు దిగుతుంది. ఏ ఇంటికి ఎవరు రావాలన్న దాని మీద ఇప్పటికే రెండు వీధుల మధ్య మాటల్లేవు. ఆ తగువు తీర్చడం కూడా నా పనేనట.

పొట్టు క్లాసు ఆగలేదు. ఇసెరా ఈ రోజు అందులో ముందు వరసలో కూర్చుంది. కుర్చీ లేకుండా, గోడకు ఆనుకుని, తన కాళ్ళ మీదే కాసేపు నిలబడింది కూడా. రేపు ఆమె ప్రయాణం. అందుకని మధ్యాహ్నం మా ఇంట్లో వీడ్కోలు భోజనం. కాలనీ సగం మా వరండాలోనే ఉంది.

అత్తమ్మ ఎప్పటిలాగే గుట్టగా వడ్డించింది. ఇసెరా మెల్లగా తినడం మొదలుపెట్టింది. పప్పుచారు కలుపుకుంది. పచ్చడి నంజుకుంది. గారె విరిచింది. మేం మాటల్లో పడి చూడలేదు. చూసేసరికి గుట్ట సగమైంది. తర్వాత పావు. వరండాలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె పెరుగన్నం చివరి మెతుకు దాకా తిని, పళ్ళేన్ని వేలితో తుడిచి, ఆ వేలు నాకింది. మొదటిసారి పళ్ళెం ఖాళీ అయింది.

రిత్విక్ తాత ముఖం పాలిపోయింది. ఆయన ప్లాంటు వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. వీళ్ళందరూ ఇలా తినడం నేర్చుకుంటే మా సంగతేమిటని ఇద్దరం ఒకేసారి అనుకున్నాం. జాఫర్ సాబ్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

అత్తమ్మ అప్పటికే గరిటె తీసుకుని లేచింది. ఇసెరా చాలన్నట్టు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది, అచ్చం మనలాగే. డబ్బా ఏదో మొదలుపెట్టబోయింది గానీ ఆమే దాని నోరు నొక్కేసింది. "వద్దత్తా," అంది, సొంతగా, తెలుగులో.

అత్తమ్మ ఆమె వేళ్ళ సందుల్లోంచే వడ్డించింది.